పావు తిప్పు

ఫిబ్రవరి 1, 1983. మంగళవారం

వంకర తీరింది. పది రోజులు డాక్టరమ్మ స్తెల్లా గియోర్గియెవ్నా తనే నట్లు బిగించి, వదులు చేసి, నా ఎడమ కాలిని నిటారుగా చేసింది. ఇవాళ్టి నుంచి పొడుగు. పొడుగు సంగతి రోగే చూసుకోవాలి. పానా చేతికిచ్చారు.

కాలి వంక చూసుకుంటే నవ్వూ వస్తోంది, ఏడుపూ వస్తోంది. మోకాలి కింది నుంచి చీలమండ దాకా నాలుగు ఇనప రింగులు. వాటిని కలుపుతూ నాలుగు మర కడ్డీలు. చర్మంలోంచి ఎముకలోకి దూరి అవతలికి తేలిన సన్నటి తీగలు, సైకిలు పుల్లల్లాగా. మధ్యలో ఎముకని అడ్డంగా కోసి వదిలేశారు. నట్టు తిప్పితే రింగులు దూరం జరుగుతాయి, కోసిన చోట సందు పెరుగుతుంది, ఆ సందులో కొత్త ఎముక పుడుతుంది.

"పావు తిప్పు, తైసియా. అర తిప్పు కాదు" అంది డాక్టరమ్మ. "పొద్దున ఏడింటికి, పన్నెండింటికి, అయిదింటికి, తొమ్మిదింటికి. నాలుగు నట్లూ పావు పావు. రోజంతా కలిపి ఒక్క మిల్లీమీటరు. ఎముక అంతకంటే తొందరగా పుట్టదు."

"అర తిప్పితే ఏమవుతుంది?"

"సందు ఉంటుంది. ఎముక ఉండదు."

నాకా పావు గురించి చెప్పేది. పన్నెండేళ్ళుగా ధాన్యం గిడ్డంగిలో తూకం మనిషిని. లారీకి గుప్పెడు తేడా వస్తే డ్రైవరు చొక్కా పట్టుకుని కిందికి లాగే దాన్ని.

ఆరు సెంటీమీటర్లు తక్కువ. అరవై రోజులు తిప్పాలి. ఆ తర్వాత ఎముక గట్టిపడేదాకా ఈ ఇనుమంతా ఇలాగే ఉండాలి. ఎప్పుడు తీస్తారని అడిగితే అక్టోబరు అంది. సెప్టెంబరు ఒకటికి తియ్యరా అన్నాను. సెప్టెంబరు ఒకటిన ఏముంది అని అడగలేదు, ఆమెకీ పిల్లలున్నారు. ఎముకకి క్యాలెండరు తెలీదమ్మా అని వెళ్ళిపోయింది.

మా అమ్మాయి ఊస్త్యాకి ఆ రోజు బడి మొదలు.

ఫిబ్రవరి 3

ఇక్కడ మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటిదాకా ఎవరూ మాట్లాడకూడదు, లేవకూడదు, పడుకోవాలి. పేరు నిశ్శబ్ద గంట. గంటని పేరే గాని రెండు గంటలు. నా తూకంలో అయితే ఇది దొంగ తూకం.

ఫిబ్రవరి 5

వార్డులో మేమిద్దరమే. నేను కిటికీ పక్కన, తలుపు పక్కన బీబీనూర్ ఆపా. స్తెప్పీ గడ్డి మైదానం అవతలి కజక్ మనిషి, అరవై దాటాయి, గొర్రెల మంద కాసే కుటుంబం. గుర్రం మీద నుంచి పడి తొడ ఎముక విరిగింది, నాలుగేళ్ళయినా అతుక్కోలేదు. ఆమె తొడ చుట్టూ ఉన్న రింగులు నావాటికి రెండింతలుంటాయి. పోయిన వారం ఎక్స్‌రేలో విరిగిన చోట మొదటిసారి తెల్లగా కనబడిందట. అప్పటి నుంచి వచ్చిన వాళ్ళకల్లా ఆ ఫిల్ము చూపిస్తోంది, మనవడి ఫొటో చూపించినట్టు.

నా పానా చూసి మొహం ముడుచుకుంది.

"ఇది ఎవరిచ్చారు నీకు?"

"డ్రాయరులో ఉంది. ఫైనా తీసిచ్చింది." ఫైనా మా నర్సు.

"చేతి నుంచి చేతికి రాలేదన్నమాట."

ఇక్కడ అదొక ఆనవాయితీ. కాలు బాగై ఇంటికి వెళ్ళేవాళ్ళు తమ పానా తర్వాత వచ్చినవాళ్ళ కుడి చేతిలో పెట్టి 'తొందరపడకు' అని చెప్పి వెళ్ళాలి. పిడికి ఒక ఉన్ని పోగు కూడా కట్టాలి. ఆపా పానాకి అయిదు రంగుల పోగులున్నాయి. నా దానికి ఒక్కటే ఉంది, ఆకుపచ్చది.

"ఎవరిది ఆపా ఇది?"

"అగ్లాయా అని ఒక పిల్ల. నీ మంచం మీదే ఉండేది. చాలా తొందర దానికి. పెళ్ళి కుదిరింది. మేం పడుకున్నాక మధ్యాహ్నాలు దొంగతనంగా తిప్పుకునేది. కిర్, కిర్ అని వినబడేది."

"ఏమైంది?"

"పై అంతస్తుకి తీసుకెళ్ళారు. అక్కణ్ణించి ఇంటికి వెళ్ళింది. కాలు వెళ్ళలేదు."

ఆపాకి కథలు చెప్పడం ఇష్టం, అందులో సగం నమ్మితే చాలు.

ఫిబ్రవరి 8

అమ్మ ఉత్తరం. ఊస్త్యాకి గోధుమరంగు బడి గౌను కుట్టించిందట, ఇప్పుడే. ఆర్నెల్లు ముందు. పిల్ల అప్పటిదాకా పెరగదా అమ్మా? తెల్ల ఏప్రాను తనే కుడుతుందట. 'ఊస్త్యా రోజూ అడుగుతోంది, బడికి చెయ్యి పట్టుకుని ఎవరు తీసుకెళ్తారని. నేనే వెళ్తానని చెప్పాను, నువ్వు బెంగ పెట్టుకోకు.'

బెంగ పెట్టుకోకట.

ఇది ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాసుకుంటాను. పోయిన నవంబరులో బాలవాడికి ఊస్త్యాని తేవడానికి వెళ్ళాను. గేటు దగ్గర ఒక కొత్త పిల్ల 'ఆ కుంటావిడ ఎవరు?' అంది. నా కూతురు నా వంక చూసి 'పక్కింటి పిన్ని' అంది. నా చెయ్యి పట్టుకోకుండా నాలుగడుగులు ముందు నడిచింది ఇల్లు చేరేదాకా. రాత్రి అది పడుకున్నాక వంటింట్లో నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడ్చాను. మర్నాడే ఇక్కడికి రావడానికి దరఖాస్తు రాశాను.

తొమ్మిదేళ్ళప్పుడు ధాన్యం మోసే మంచు బండి, స్లెడ్జి, నా కాలి మీదుగా పోయింది. నేను పెరిగాను, అది పెరగలేదు. ఆ కాలికి ఇంకా తొమ్మిదేళ్ళే. సెప్టెంబరు ఒకటిన, పూలగుత్తి పట్టుకుని, రెండు కాళ్ళూ సమానంగా వేస్తూ ఊస్త్యా చెయ్యి పట్టుకుని బడి గేటు దాటాలి. ఊళ్ళో అందరూ ఉంటారు ఆ రోజు. ఇంకేమీ అక్కర్లేదు నాకు.

ఫిబ్రవరి 12

ఇవాళ నిశ్శబ్ద గంటలో ఒక చప్పుడు.

కిటికీ నిండా మంచు వెలుగు, గదంతా తెల్లగా ఉంది, నీడ కూడా పడనంత. కారిడారులో చెప్పుల చప్పుడు కూడా లేదు. నేను గోడ వైపు తిరిగి నిద్రపోతున్నాను. కిర్. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ కిర్. అలా నాలుగు.

కళ్ళు తెరిచేసరికి ఆపా తన మంచం మీద కూర్చుని నా వైపు చూస్తోంది.

"విన్నావా?"

"లేదు. నిద్రపోయాను."

ఫిబ్రవరి 13

మళ్ళీ వినబడింది.

ఫిబ్రవరి 14

మళ్ళీ.

ఫిబ్రవరి 17

కాలు చాలా నొప్పిగా ఉంది. పిక్కలో సలుపు. పొడుగవుతున్న కాలు అలాగే ఉంటుంది, ఫైనా చెప్పింది.

ఆపా ఇవాళ మధ్యాహ్నం నా మంచం కింద వంగి చూసింది. ఆ తొడతో వంగడం ఎంత కష్టమో. ఏం వెతుకుతున్నావంటే ఏం లేదంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"నిజంగా నీకు వినబడడం లేదా బిడ్డా?"

"రేడియేటరు అయ్యుంటుంది ఆపా. నీళ్ళు వేడెక్కితే గొట్టాలు కిర్రుమంటాయి."

"గొట్టం నాలుగుసార్లు లెక్కపెట్టుకుని అంటుందా?"

నాకు నవ్వొచ్చింది. ఆమెకి రాలేదు.

ఒకవేళ ఆ అగ్లాయాయేనేమో. అలాంటివి నేను నమ్మను. కానీ వేరే ఎవరున్నారు? గదిలో ఇద్దరం. ఆపా మంచం దిగి నా దాకా రావాలంటే చంకకర్రల చప్పుడుకే వార్డంతా లేస్తుంది. నేనేమో నిద్రలో ఉంటాను.

ఫిబ్రవరి 21

ఎక్స్‌రే. చార్టులో ఇరవై మిల్లీమీటర్లు. ఫిల్ములో ఇరవయ్యారు.

డాక్టరమ్మ స్కేలు పెట్టి మూడుసార్లు కొలిచింది. సందులో తెల్లగా పొగలాంటిది కనబడాలట, కొత్త ఎముకకి అదే మొదలు. ఏమీ లేదు. నల్లగా ఉంది.

"ఎన్నిసార్లు తిప్పుతున్నావు?"

"నాలుగు. చార్టు చూడండి."

"చార్టు చూశాను. నిన్ను అడుగుతున్నాను."

"నాలుగే."

నా గొంతులో కొంచెం కూడా తడబాటు లేదు. ఎందుకుంటుంది? నేను చార్టులో టిక్కు పెట్టినవి నాలుగే.

"నట్టు తనంతట తను తిరగదు తైసియా" అంది. ఆపా తన మంచం మీద నుంచి ఆ మాట వింది. దుప్పటి తల మీదికి లాక్కుంది.

ఫిబ్రవరి 23

ఇవాళ పానా ఫైనా జేబులో ఉంది. డాక్టరమ్మ ఆర్డరు. టైముకి ఆమే వచ్చి తన కళ్ళ ముందు తిప్పించి పట్టుకుపోయింది. మధ్యాహ్నం చప్పుడు లేదు. ఆపా ఎన్నాళ్ళకో గురక పెట్టింది.

అయిదింటికి ఫైనా వచ్చి నట్లు చూసింది. కడ్డీ మీద పన్నెండింటికి పెన్సిలుతో గీత పెట్టిందట. గీత కంటే నట్టు పావు ముందుంది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆమె జేబులోంచి పానా తీసి చూసింది. "గీత నేనే సరిగ్గా పెట్టలేదేమో" అని వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 24

ఫైనా పానా తిరిగి ఇచ్చేసింది. ఇరవై ఇద్దరు రోగులు, ఒక్క నర్సు, ప్రతివాళ్ళ పానా మోసుకు తిరగలేనంది. అంత గట్టిగా చెప్పింది కానీ పానా పట్టుకున్నది మాత్రం రెండు వేళ్ళతో.

ఫిబ్రవరి 26

ఫైనా ఇవాళ కొత్త ఉపాయం పన్నింది. నిశ్శబ్ద గంటకి ముందు నాలుగు నట్ల మీదా గాయాలకి పూసే ఆకుపచ్చ మందు దట్టంగా పూసింది. అది అంటుకుంటే వారం దాకా పోదు. ఎవరు ముట్టుకుంటే వాళ్ళు దొరికిపోతారంది.

నాలుగింటికి లేచాను. నా బొటనవేలు, చూపుడువేలు ఆకుపచ్చగా ఉన్నాయి. తలగడ మీద కూడా ఒక మరక.

నిద్రలో కాలు గోక్కుని ఉంటాను. తీగల చుట్టూ దురద పుడుతుంది, అందరికీ పుడుతుంది. సబ్బుతో తోమాను, ఉప్పుతో తోమాను. పోలేదు. ఫైనా వచ్చేసరికి చెయ్యి దుప్పటి కింద పెట్టుకున్నాను. ఆమె నట్లు చూసి, ఆపా వేళ్ళు చూసి, తల గోక్కుంది. నా వేళ్ళు అడగలేదు. సొంత కాలు ఎవరు పాడుచేసుకుంటారు?

భోజనాల దగ్గర ఎడమ చేత్తో తిన్నాను.

ఫిబ్రవరి 28

సెప్టెంబరుకి నూట ఎనభై అయిదు రోజులు.

మార్చి 2

కాలి వేళ్ళు మొద్దుబారాయి. సూదితో పొడుచుకున్నాను, తెలీలేదు. డాక్టరమ్మకి చెప్పలేదు. చెబితే ఆపేస్తుంది.

ఆపా ఇంటికి వెళ్ళిపోతానంటోంది. డాక్టరమ్మ గంటసేపు నచ్చజెప్పింది. "బీబీనూర్, నాలుగేళ్ళ తర్వాత అతుక్కుంటోంది మీ ఎముక. ఇప్పుడు రింగులు తీసేస్తే మళ్ళీ విరుగుతుంది. ఈసారి నేను కూడా ఏమీ చెయ్యలేను. రెండు నెలలు ఓపిక పట్టండి."

ఆపా ఒకటే మాట. "నాకు పిచ్చెక్కుతోంది డాక్టరమ్మా. కాలు లేని పిల్ల మధ్యాహ్నాలు వచ్చి కాలు పెంచుకుంటోంది. నాకు తప్ప ఎవరికీ వినబడడం లేదు. పిచ్చిదాన్నై రెండు కాళ్ళ మీద నడవడం కంటే తెలివితో కుంటడం మేలు."

వేరే వార్డులో మంచం ఖాళీ లేదు. ఆదివారం కొడుకు కారు తెస్తాడట.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "నీకు వినబడుతోందా?"

"లేదు" అన్నాను.

ఆపా నా వంక చూసిన చూపు రాయలేను.

మార్చి 3

ఆమె వెళ్ళిపోతే మంచిదేనేమో. ముసలావిడకి ఇంటి మీద ధ్యాస. నాకు సంబంధం లేని విషయం.

మార్చి 5, శనివారం

ఆపా మూట కట్టేసుకుంది. మధ్యాహ్నం రవ్వ జావ కూడా ముట్టలేదు. రెండింటికి గంట మోగింది, కారిడారు సద్దుమణిగింది. బయట మంచు పడుతోంది, కిటికీ అవతల ఏమీ కనబడడం లేదు, తెలుపు తప్ప.

"తైసియా" అంది నెమ్మదిగా. నిశ్శబ్ద గంటలో ఆమె నన్ను పేరు పెట్టి పిలవడం ఇదే మొదలు. "ఇదే ఆఖరి మధ్యాహ్నం. ఒక్కసారి నాతోపాటు విను. నువ్వు విన్నానంటే చాలు. వెళ్తే వెళ్తాను గాని నా చెవులు మంచివేనని తెలుసుకుని వెళ్తాను."

"సరే ఆపా. వింటున్నాను."

నేను గోడ వైపు తిరిగి ఉన్నాను. ఇద్దరం ఊపిరి బిగబట్టాం.

కిర్.

"అదిగో" అంది. "విన్నావా?"

"లేదు."

కిర్.

"ఇప్పుడు?"

"లేదు ఆపా."

ఆమె ఏడవడం మొదలుపెట్టింది, చప్పుడు లేకుండా. ఆమె మంచం ఊగే సవ్వడిని బట్టి తెలిసింది. నా నోరు లేదు అంటోంది. నా చెయ్యి దుప్పటి కింద మూడో నట్టు మీద ఉంది. పానా చల్లగా ఉంది. ఆకుపచ్చ పోగు నా మణికట్టుకి తగులుతోంది.

మూడోది తిప్పాను. ఆమె ఏడుస్తుండగా నాలుగోది కూడా తిప్పాను.

మార్చి 6, ఆదివారం

నిన్న రాసింది పొద్దున్నే చదివాను. ఆ కాగితం చింపేద్దామనుకున్నాను. చింపలేదు. మొదటి నుంచీ చదివాను.

నేను నిద్రపోలేదు. ఫిబ్రవరి తొమ్మిది నుంచి ఒక్క మధ్యాహ్నం కూడా నిద్రపోలేదు. అమ్మ ఉత్తరం వచ్చిన మర్నాడు మొదలుపెట్టాను. ముందు ఒక పావు. నాలుగు రోజులకి రెండు పావులు. ఆఖర్న నాలుగు నట్లూ అర అర. నట్టుకి నూనె రాసుకుంటే చప్పుడు రాదు, అది కూడా చెయ్యలేదు ఎందుకో. చప్పుడు వచ్చినప్పుడల్లా నేనూ విన్నాను, ఎవరో తిప్పుతున్నట్టే విన్నాను. ఎవరూ చదవని ఈ పుస్తకంలో కూడా 'నిద్రపోతున్నాను' అని రాసుకున్నాను. ఎవరి కోసం రాశానో తెలీదు. సిగ్గుగా ఉంది. భయంగా కూడా ఉంది.

పదింటికి ఆపా కొడుకు వచ్చాడు. పేరు సెరీక్, టోపీ చేత్తో పట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఆపా చంకకర్రల మీద నా మంచం దగ్గరికి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టింది. "నా చెవులు చెడిపోయాయి బిడ్డా. నీ కాలు బాగుపడాలి. నీ కూతురు నీ చెయ్యి పట్టుకుని నడవాలి" అంది.

ఊస్త్యా సంగతి ఆమెకి ఎప్పుడు చెప్పానో నాకు గుర్తు లేదు.

"వెళ్ళకు ఆపా. అది నేనే."

"ఏది నువ్వు?"

దుప్పటి తీశాను. పానా నట్టుకి పెట్టి వెనక్కి ఒక పావు తిప్పాను. కిర్.

ఆమె తల ఒక పక్కకి వంచి వింది. ఇంకోసారి అంది. ఇంకోటి తిప్పాను. ఆమె కర్ర ఒకటి కొడుకుకిచ్చి నా చెంప మీద కొట్టింది. గట్టిగా ఏం కాదు, కాని కొట్టింది.

"నెల రోజులు" అంది. "నెల రోజులు నా చెవుల్ని తిట్టుకున్నాను. చచ్చిపోయిన మా అక్కని పిలిచి అడిగాను, నన్ను తీసుకుపోవడానికి వచ్చావా అని. నువ్వు అక్కడ గోడ వైపు తిరిగి పడుకుని విన్నావు."

"విన్నాను."

"మూట విప్పు" అని కొడుకుతో అంది. ఇక నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. ఎన్ని, ఏ రోజు, ఎంత అని అడిగి చార్టు వెనక రాసుకుంది. సందు నలభై అయిదు, అంతా నలుపు. వేళ్ళు మొద్దుబారిన సంగతి చెప్పాక ఒక్కసారి కళ్ళు మూసుకుంది.

"వెనక్కి తిప్పాలి. రోజుకి నాలుగు పావులు, ఎముక చివరలు రెండూ కలిసేదాకా. అతుక్కున్నాక మళ్ళీ మొదలుపెడదాం, ఈసారి సగం వేగంతో. సెప్టెంబరు మర్చిపో తైసియా. కాలు నిలబడితే అదే చాలనుకో."

"ఎవరు తిప్పాలి వెనక్కి?"

"తిప్పిన చెయ్యే."

ఒకటి మాత్రం ఆమెతో కూడా చెప్పాను, ఇక్కడా రాస్తున్నాను. ఫిబ్రవరి ఇరవై మూడు నాది కాదు. ఆ రోజు పానా ఫైనా దగ్గర ఉంది. చేతి వేళ్ళతో ప్రయత్నించాను, అవును, ప్రయత్నించాను. నట్టు కదల్లేదు, గోరు విరిగింది. అయినా సాయంత్రానికి పావు ముందుంది. మిగతావన్నీ ఒప్పుకున్నదాన్ని ఇదొక్కటి దాచడానికి ఏముంది? డాక్టరమ్మ రాసుకోవడం ఆపి నా వంక చూసింది. ఆ రోజు కూడా నా లెక్కలోనే రాసింది.

మార్చి 8

మహిళా దినోత్సవం. ఫైనా తలా ఒక పసుపు పచ్చ మిమోసా పూల రెమ్మ ఇచ్చింది. ఆపా తనది కిటికీ మీద పెట్టింది. నన్ను దాటి చెయ్యి చాపింది గాని నన్ను అందుకోమనలేదు.

మార్చి 19

పద్నాలుగు మిల్లీమీటర్లు వెనక్కి వచ్చాను. కాలు పొట్టిదవుతుంటే తెలుస్తోంది. రోజూ ఒక్కో ఏడాది తగ్గించుకుంటూ తొమ్మిదేళ్ళ దగ్గరికి నడుస్తున్నట్టుంది. నిన్న చీలమండలో చల్లగా, స్లెడ్జి కింద మంచులో పడి ఉన్నప్పటి చల్లదనం. వేళ్ళకి మాత్రం స్పర్శ వస్తోంది, ముందు బొటనవేలుకి.

మార్చి 27

ఆపా మాట్లాడింది. "జావ చల్లారిపోతోంది, తిను" అంది. ఇరవై ఒక్క రోజుల తర్వాత.

ఏప్రిల్ 21

చివరలు కలిశాయి. మొదటికొచ్చాను.

మే 14

ఆపా రింగులు తీశారు. నడవాలో ఈ చివర నుంచి ఆ చివరకి కర్ర లేకుండా నడిచింది. అందరం చప్పట్లు కొట్టాం, నేను కూర్చునే కొట్టాను. సెరీక్ వేయించిన పిండి ఉండలు పెద్ద సంచీడు తెచ్చాడు.

వెళ్ళేముందు తన పానా, అయిదు రంగులదీ, నా కుడి చేతిలో పెట్టింది. ఆరో పోగు కట్టింది, తన కండువాలోంచి లాగిన ఎర్రది.

"క్షమించావా ఆపా?"

"ఇంకా లేదు. ఇంటికి వెళ్ళి ఆలోచిస్తాను. తొందరపడకు" అంది.

పాత పానా ఫైనాకిచ్చాను. ఏం చేసిందో అడగలేదు.

జూన్ 15

అతుక్కుంది. మళ్ళీ కోశారు. మళ్ళీ మొదలు. ఇప్పుడు రోజుకి రెండు పావులే. ఎదురు మంచం మీద చెల్యాబిన్‌స్క్ నుంచి కొత్తమ్మాయి వచ్చింది, నిశ్శబ్ద గంటలో గురక పెడుతుంది. నేను చేతులు రెండూ దుప్పటి మీద పెట్టి పడుకుంటాను.

జూలై 20

సందులో తెల్లగా పొగ. డాక్టరమ్మ ఫిల్ము దీపం ముందు పెట్టి పిలిచి చూపించింది. చాలాసేపు చూశాను. ఫిల్ము నాకే ఇవ్వమన్నాను.

సెప్టెంబరు 1, గురువారం

పొద్దున ఎనిమిదింటి నుంచి వీధిలో పిల్లలు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. తెల్ల రిబ్బన్లు, డేలియాలు, గ్లాడియోలసులు, చెయ్యి పట్టుకున్న తల్లులు. ప్రతి తల్లి కాళ్ళూ చూశాను. ఎవరి నడకా ఎవరూ చూడడం లేదు. ఇది నాకు నవంబరులో తెలిసుంటే.

ముప్ఫై తొమ్మిది మిల్లీమీటర్లు. ఇంకా ఇరవై ఒకటి ఉంది. తర్వాత గట్టిపడాలి. వచ్చే వసంతానికి గాని ఇంటికి పంపరు.

పదకొండింటికి ఫోను వచ్చిందని ఫైనా పిలిచింది. మా ఊరి తపాలా ఆఫీసు నుంచి. అమ్మ రెండు ముక్కలు చెప్పి ఊస్త్యాకిచ్చింది.

"అమ్మా, నేను మూడో బల్ల మీద కూర్చున్నా."

"పక్కన ఎవరు?"

"జాహర్ అని. ముక్కు చీదుతాడు." ఊపిరి తీసుకుంది. "మా టీచరు అందరినీ అడిగింది, నీతో ఎవరొచ్చారని. అమ్మమ్మ అన్నాను. మరి అమ్మ ఏదీ అంది."

పక్కింటి పిన్ని గుర్తొచ్చింది.

"ఏం చెప్పావు?"

"మా అమ్మ ఇంకా పెరుగుతోంది అని చెప్పాను. పెరగడం అయ్యాక వస్తుంది అన్నాను. జాహర్ నవ్వాడు. అమ్మలు పెరగరంట. మా అమ్మ పెరుగుతుందని గిచ్చాను."

రిసీవరు రెండో చెవికి మార్చుకున్నాను.

"ఎంత పెరిగావు అమ్మా?"

నలభై అయిదని చెప్పొచ్చు. అయిపోవచ్చిందని చెప్పొచ్చు. ఏడేళ్ళ పిల్ల, ఏం తెలుస్తుంది?

"ముప్ఫై తొమ్మిది మిల్లీమీటర్లు. ఫిబ్రవరిలో తొందరపడి పాడుచేసుకున్నాను, మళ్ళీ మొదటి నుంచి చేస్తున్నాను. ఇంకా నీ బొటనవేలంత తక్కువ."

అది లెక్కేసుకుంటున్నట్టుంది. అవతల అమ్మ ఏదో అంటోంది, టైము అయిపోతోందని.

"అయితే ఇంకా కుంటుతావా?"

"కుంటుతాను."

"పర్లేదు, కుంటుతూనే వచ్చెయ్యి" అంది. "రేపు పొద్దున నువ్వే తీసుకెళ్ళు."

ఇప్పుడు రాలేనని, ఎముక పచ్చిగా ఉందని, అడుగేస్తే విరుగుతుందని చెప్పాలి. చెప్పేలోగా లైను తెగిపోయింది. మళ్ళీ కలపమని ఫైనాని అడిగాను. అవతలి ఊరు పలకడం లేదంది. రేపు పొద్దున ఏడున్నరకి నా కూతురు ఇంటి గేటు దగ్గర నిలబడి నా కోసం చూస్తుంది.